దొరగారి పక్క

నోట్లోకి వచ్చిన ఉప్పునీళ్ళను పక్కకు తుపుక్కున ఊసి, జకర్యా రబ్బరు గొట్టం చివరను బొటనవేలితో మూసి, డ్రమ్ములోకి దించి వేలు తీశాడు. అద్దాల తొట్టిలోని నీళ్ళు సన్నగా చప్పుడు చేస్తూ డ్రమ్ములోకి దిగడం మొదలుపెట్టాయి. జకర్యా ఇంతవరకు సముద్రం చూడలేదు. ఒకసారి ఎవరిదో పెళ్ళికి రాజమండ్రి దాకా వెళ్ళాడు, అంతే. అయినా సముద్రం రుచి ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా భద్రాచలంలో ఇంకెవరికీ తెలియదు. నీళ్ళు మార్చినప్పుడల్లా గొట్టం నోట పెట్టి పీల్చి పీల్చి, ఈపాటికి కాకినాడ సముద్రంలో ఒక బిందెడైనా తాగి ఉంటానని ఆయన అంచనా.

సముద్రం భద్రాచలం రావడానికి కారణం లాడ్జి యజమాని వెంకటరామారావు. కుర్రతనంలో ఆయన్ను కాకినాడలో చదువుకి పెట్టారు. చదువు అబ్బలేదు గానీ సముద్రం మీద ప్రేమ అబ్బింది. తండ్రి పోయి లాడ్జి చేతికొచ్చాక, భక్తులకు గోదావరి ఎలాగూ కనబడుతుంది, మనం సముద్రం చూపిద్దామని ముందు హాల్లో మనిషి పొడుగున్న ఉప్పునీటి తొట్టి పెట్టించాడు. నీళ్ళు, చేపలు అన్నీ కాకినాడలో రంగుచేపలు అమ్మే బసవపున్నయ్య బస్సు మీద పంపిస్తాడు. క్యాన్లు దించేటప్పుడు కండక్టర్లు సముద్రానికి ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా అని నవ్వేవారు. గోదావరి వెళ్ళి సముద్రంలో కలవడం లోకరీతి, సముద్రమే ఎదురొచ్చి గోదావరి ఒడ్డున దిగడం తన లాడ్జిలోనే అని వెంకటరామారావు గొప్పలు పోయేవాడు.

ఆ గొప్పకు దెబ్బ కొట్టింది భక్తులే. బస్సు వంతెన మీదికి రాగానే కిటికీలోంచి చిల్లర తీసి గోదావరిలోకి విసరడం వాళ్ళకు అలవాటు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి మరీ విసిరిస్తారు. ఆ చెయ్యి లాడ్జిలోకి వచ్చాక కూడా ఊరుకోదు. నీళ్ళు కనబడ్డాయి, నీళ్ళలో చేపలు కనబడ్డాయి, ఇంకేం కావాలి? కళ్ళు మూసుకుని దండం పెట్టి, పైనుంచి ఒక బిళ్ళ జారవిడుస్తారు. వెయ్యొద్దమ్మా అని జకర్యా ఎంతమందికి చెప్పాడో. చివరికి చిల్లర వేయరాదు అని బోర్డు రాయించి పెట్టాడు. బోర్డు చూశాక, ఇక్కడ చిల్లర వేస్తారన్న సంగతి తెలియనివాళ్ళకు కూడా తెలిసిపోయి, మరిన్ని పడ్డాయి.

కనబడినవి ఆయన ఎప్పటికప్పుడు తీసేసేవాడు. కనబడనివి ఇసుకలోకి దిగబడిపోయాయి. గోదారమ్మకని దాచి తెచ్చిన పాత రాగి పైసలు ఏళ్ళ తరబడి ఉప్పులో నాని, చిలుం పట్టి, నీళ్ళను పాడుచేశాయి. ముందు నత్తలు పోయాయి. ఆ తర్వాత చారల చేపలు. దసరా వెళ్ళాక నీలం చేపల జంట ఒకదాని వెనక ఒకటి పోయింది. మిగిలింది దొర ఒక్కడే.

ఇసుక మొత్తం తీసి కొత్తది వేసి చూడమని బసవపున్నయ్య ఫోన్లో చెప్పాడు. వెంకటరామారావు ఒప్పుకున్నాడు గానీ, ఒక మాట గట్టిగా అన్నాడు. ఇదే ఆఖరు. దొర బతికితే తొట్టి ఉంటుంది, ముక్కోటి ఏకాదశికి జనం వచ్చేలోపు కొత్త చేపలు కూడా తెప్పిస్తాడు. దొర కూడా పోతే తొట్టి తీయించేసి ఆ బల్ల మీద పెద్ద టీవీ పెట్టిస్తాడు. ఉత్త నీళ్ళ పెట్టెకు కరెంటు బిల్లు కట్టడానికి తనకేం పిచ్చా అన్నాడు.

అది చాలనట్టు ఇవాళే జకర్యా పనికి ఆఖరి రోజు. మోకాళ్ళు ఇక మెట్లెక్కనివ్వడం లేదు. సాయంత్రం సొంతూరు దుమ్ముగూడెం వెళ్ళే బస్సెక్కితే మళ్ళీ రాడు. దొర సంగతి తేలకుండా ఆ బస్సు ఎలా ఎక్కడం అన్నదే పొద్దుటి నుంచి ఆయన గుండెలో గుబులు.

దొర అంటే బెత్తెడు పొడుగు చేప. ఆకుపచ్చ ఒంటి మీద గులాబీ గీతలు, తోక అంచున పసుపు. అసలు పేరు బసవపున్నయ్య ఏదో చెప్పాడు గానీ నోరు తిరగలేదు. దొర అని పేరు పెట్టింది జకర్యాయే. దుమ్ముగూడెం ఆనకట్ట కట్టించిన తెల్లదొరల ముచ్చట్లు విని పెరిగినవాడు కదా. ఏ పనీ చెయ్యదు, లోకమంతా లేచాక లేస్తుంది, పొద్దుగూకకముందే పక్క ఎక్కుతుంది, ఇది దొర కాక మరేమిటి? పక్క అంటే ఇసుకే. వెలుతురు తగ్గుతుండగా తొట్టిలో ఒకచోటు చూసుకుని, తలకిందులుగా ఇసుకలోకి దూరి, రెండు మెలికలు తిరిగి మాయమవుతుంది. మళ్ళీ తెల్లారేదాకా కనబడదు. తొట్టి పక్కనే నేల మీద జకర్యా ఈతాకు చాప. పైన దొర, కింద జకర్యా. ఏడెనిమిదేళ్ళుగా ఇద్దరూ అలాగే పడుకుంటున్నారు.

జకర్యా ఈ లాడ్జిలో చేరింది పంతొమ్మిది వందల ఎనభై ఆరు గోదావరి వరదలకు ముందు. ఆయన ఉద్యోగం పేరు రూంబాయ్. అరవై దగ్గర పడినా బాయ్ బాయే. రిజిస్టరు రాసేవాడు వేరు, బిల్లు తీసుకునేవాడు వేరు. జకర్యా పని పక్కలు వేయడం. ఒకరు ఖాళీ చేసిన గదిలోకి వెళ్ళి, దుప్పటి లాగేసి, దిండు గలీబు ఊడదీసి, పరుపు దులిపి, అంతకుముందు పడుకున్న మనిషి వాసన గానీ వెంట్రుక గానీ మిగలకుండా చేసి, ఉతికిన దుప్పటి ముడత లేకుండా పరచడం. గుండు చేయించుకున్న పిల్లలకు, కొత్తగా పెళ్ళయినవాళ్ళకు, కాళ్ళు లాగే ముసలమ్మలకు ఎంతమందికి పక్క వేశాడో ఆయనకే తెలియదు. వాళ్ళలో ఆయన పేరు అడిగినవాళ్ళు తక్కువ. కానీ అందరూ హాయిగా నిద్రపోయారు. తన చేతుల మీదుగా ఇంతమంది నిద్రపోయారని తలుచుకుంటే జకర్యాకు ఇప్పటికీ లోపల తృప్తిగా ఉంటుంది.

నీళ్ళు సగానికి దిగాక వలగరిటెతో దొరను పట్టడానికి చాలాసేపు పట్టింది. పట్టి, పాత నీళ్ళు నింపిన నీలం టబ్బులో వదిలాడు. దొర టబ్బంతా పిచ్చెత్తినట్టు తిరిగింది. అడుగున ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. మూతితో పొడుస్తోంది, జారిపోతోంది, మళ్ళీ పొడుస్తోంది. జకర్యాకు చూడబుద్ధి కాలేదు. తొట్టిలో చిల్లర పడని మూల నుంచి కాస్త ఇసుక తవ్వి, పాత స్టీలు బేసిన్లో వేసి, బేసిన్ను టబ్బులోకి దించాడు. మరుక్షణం దొర అందులోకి దూరి కనబడకుండా పోయింది.

"పండుకో. సాయంత్రానికి నీకు కొత్త పక్క ఏస్త," అన్నాడు జకర్యా.

పాత ఇసుక ఎత్తుతుంటే అడుగున నల్లటి పొర బయటపడింది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు హాలంతా నిండింది. అప్పుడే దిగిన మధిర భక్తులు ముక్కులు మూసుకుని మెట్లెక్కారు. జకర్యా కిటికీలన్నీ తెరిచి, తువ్వాలు ముక్కుకు కట్టుకుని, డబ్బాతో ఎత్తి బకెట్లో పోస్తూ, బకెట్లు పెరట్లో గోడ పక్కన కుమ్మరిస్తూ పోయాడు. ఆ ఇసుకలోంచి లాడ్జి చరిత్ర సగం బయటికొచ్చింది. పచ్చగా చిలుం పట్టిన పైసలు, తుప్పు కక్కే బిళ్ళలు, ఒక గోలీకాయ. ఆరో నంబరు గది తాళంచెవి దొరికినప్పుడు జకర్యా నడుం మీద చేయి వేసుకుని చాలాసేపు నవ్వాడు. ఆ చెవి తిరిగి ఇచ్చేశానని వేంసూరు రైతు, ఇవ్వలేదని అప్పటి గుమాస్తా హాల్లో జుట్లు పట్టుకున్నంత పని చేశారు. తాళం పగలగొట్టాల్సి వచ్చింది. ఇద్దరూ నిజమే చెప్పారు, రైతు చెవి ఇచ్చి పంపిన మనవడు మధ్యలో దాన్ని తొట్టిలో వేసేశాడు, చేపకు తాళం వేద్దామనుకున్నాడు కాబోలు. ఈ సంగతి చెబుదామంటే గుమాస్తా ఇప్పుడు లేడు.

ఒకచోట పసుపు గుడ్డ ముడి ఒకటి తగిలింది. గుడ్డ చీకిపోయింది గానీ ముడి ఊడలేదు. లోపల బిళ్ళ గట్టిగా తగులుతోంది. ఊరికే సరదాకు వేసింది కాదది. ఎవరో ఏదో గట్టిగా కోరుకుని, ఇంటి దగ్గరే ముడుపు కట్టుకుని వచ్చి, ఇదే గోదావరి అనుకుందో, గోదావరి దాకా నడవలేకపోయిందో. జకర్యా దాన్ని మంచినీళ్ళలో కడిగి మిగతా చిల్లరతో పాటు ఒక సంచిలో వేశాడు.

బసవపున్నయ్య ఇంకో మాట కూడా చెప్పాడు. పాత ఇసుక మంచిచోటిది ఒక గిన్నెడు ఉంచాలట, కడగకూడదట, కొత్తదాని మీద వేయాలట, నీళ్ళను శుభ్రంగా ఉంచే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయట. జకర్యా అప్పుడు అట్లాగేనన్నాడు గానీ ఆ మాట లోపలికి పోలేదు. దుప్పటి మార్చేటప్పుడు పాత దుప్పటి ముక్క కత్తిరించి కొత్తదాని మీద వేస్తారా ఎవరైనా? ఇన్నేళ్ళ చేతి అలవాటు ముందు ఫోన్లో విన్న మాట ఎంతసేపు నిలుస్తుంది. మొత్తం ఎత్తేశాడు. గుడ్డతో అద్దం అడుగు మూలమూలలా తుడిచాడు. ఒక్క రేణువు మిగల్లేదని చూసుకుని మురిసిపోయాడు.

కొత్త ఇసుక బస్తాలు కాకినాడ నుంచి నిన్ననే దిగాయి. గోదావరి ఒడ్డున కూర్చుని కాకినాడ నుంచి ఇసుక తెప్పించుకునేవాళ్ళను మిమ్మల్నే చూశానని పార్సిల్ ఆఫీసు గుమాస్తా నవ్వితే జకర్యా కూడా కలిసి నవ్వాడు. గోదావరి ఇసుక సముద్రపు చేపకు పడదని బసవపున్నయ్య చెప్పాడు మరి. ఈ ఇసుక తెల్లగా, గవ్వల నుసి కలిసి, చేతిలో పోసుకుంటే చల్లగా ఉంది. బకెట్టు తర్వాత బకెట్టు పంపు కింద పెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాడు.

అది తొట్టిలో పరుస్తుండగా సంపూర్ణ వచ్చింది. జకర్యా భార్య. మెడలో సిలువ, చేతిలో టిఫిను డబ్బా, చంకలో గుడ్డసంచి, మనిషి కంటే ముందు నవ్వు లోపలికి వచ్చే మనిషి. తనంతట తానుగా రమ్మంటే రేపు వస్తా, ఎల్లుండి వస్తా అంటాడని మధ్యాహ్నం బస్సుకే దిగి, మొగుణ్ణి పట్టుకుపోవడానికి వచ్చింది.

"ఏడుంది నా సవతి?" అంది రాగానే.

జకర్యా టబ్బు చూపించాడు. సంపూర్ణ వంగి చూసి, ఇసుక తప్ప ఏమీ కనబడక, సిగ్గుపడి లోపల కూర్చున్నట్టుందని తేల్చింది. దొర మగదో ఆడదో ఎవరికీ తెలియదు. సంపూర్ణకు మాత్రం మొదటి నుంచీ అది సవతే. దానికి కారణం లేకపోలేదు. వారానికొకసారి, సోమవారం నాడు, జకర్యా ఇంటికి వెళతాడు. వెళ్ళినవాడికి అక్కడ నిద్ర రాదు. తొట్టికి గాలి కొట్టే మోటరు గుడగుడ వినబడకపోతే కళ్ళు మూతపడవు. అటు దొర్లి ఇటు దొర్లి, చివరికి వాకిట్లో కూర్చుంటాడు. తొట్టి రాకముందు కూడా అంతే, అప్పుడు లాడ్జి మెట్ల మీద జనం అడుగుల చప్పుడు కావాల్సి వచ్చేది. తన పక్కన ఉండటం ఇష్టం లేకనేమోనని సంపూర్ణ మొదట్లో కుమిలిపోయింది. ఏడ్చింది కూడా. తర్వాత తర్వాత ఏడుపు ఎగతాళి అయింది. కానీ ఎగతాళి అడుగున ఆ పాత దుఃఖం కొంచెం ఉండనే ఉంది.

ఇప్పుడు ఆయన కోసం కొత్త నవారు మంచం చేయించింది. క్రిస్మస్ వస్తోంది, వసారాలో నక్షత్రం కూడా కట్టించింది. జకర్యా అన్నం తింటూ మంచం గురించి అన్నీ అడిగాడు, కోళ్ళు ఏ కర్రవి, నవారు ఎంత వెడల్పు అని. అడగాల్సిన అసలు ప్రశ్న మాత్రం అడగలేదు. దాని మీద తనకు నిద్ర వస్తుందా? చెప్పగలిగినవాళ్ళు ఎవరు.

కొత్త ఇసుక మీద సత్తు పళ్ళెం పెట్టి, ఆ పళ్ళెం మీద పడేలా కాకినాడ నీళ్ళు, డ్రమ్ములో దాచిన పాత నీళ్ళలో పైతేట నెమ్మదిగా పోశాడు. ఎంత నెమ్మదిగా పోసినా తొట్టి మజ్జిగలా తెల్లబడింది. తేరుకునేదాకా చేసేది ఏమీ లేదు. చిల్లర సంచి తీసుకుని ఇద్దరూ కరకట్ట దాటి రేవులోకి దిగారు.

చలికాలపు గోదావరి సగం ఇసుక, సగం నీరుగా ఉంది. ఎండ హాయిగా ఉంది. సంపూర్ణ సంచిలోకి తొంగి చూసి, ఇవన్నీ ఎవరివని అడిగింది. జకర్యా చెప్పాడు. ఆమె పసుపు గుడ్డ ముడి చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది.

"మనం ఎయ్యొచ్చా ఇవి? ఫాదర్‌కు తెలిస్తే ఏమంటడో."

"మనం ఏస్తలేం. ఆళ్ళు గోదారికి ఏసిన్రు, అడ్రస్ తప్పి మన కాడికొచ్చినయ్. మనది పోస్ట్‌మన్ పని," అన్నాడు జకర్యా.

మోకాళ్ళ లోతుకు దిగి సంపూర్ణ సంచి బోర్లించింది. పసుపు ముడిని మాత్రం విడిగా, చేతిని వెనక్కి లాగి, దూరంగా విసిరింది. ఎవరు కోరుకున్నారో, ఏం కోరుకున్నారో, ఆలస్యమైనా జరగనీ అని పైకే అంది. ఆమె అలా అన్నప్పుడు జకర్యాకు పెళ్ళాం మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. చెప్పలేదు. చీర తడిసిందని చెప్పాడు.

తిరిగొచ్చేసరికి నీళ్ళు తేరుకున్నాయి. అడుగున తెల్లటి ఇసుక ఒక్క మరక లేకుండా ఉంది. జకర్యా పొడుగు చెక్కతో దాన్ని సమంగా సర్దాడు. ఆయన జీవితంలో వేసిన పక్కలన్నిటిలోకీ ఇదే అందమైనది. వెంకటరామారావు గదిలోంచి వచ్చి చూసి, శభాష్ అన్నాడు. ఇక దొరను వదలడమే మిగిలింది.

టబ్బులో వల పెట్టి చూశాడు. దొర బేసిన్ ఇసుకలోంచి రాలేదు. కదిపితే ఇంకా లోపలికి పోయింది. ఎండ అప్పటికే గోడ పైకి పాకింది. బస్సుకు ఎంతో టైం లేదు. ఇక లాభం లేదని జకర్యా బేసిన్ ఎత్తి, ఇసుకనంతా జల్లెడలో ఒంపేసి చేపను పట్టుకోవాలని పెరట్లోకి నడవబోయాడు. ఎలాగూ పాత ఇసుకే, పారబోసేదే.

సంపూర్ణ అడ్డంగా నిలబడింది. అంతవరకు నవ్వుతూ ఉన్న మనిషి, ఇప్పుడు నవ్వడం లేదు.

"పండుకున్న పిల్లను లేపి తీస్కపోతరా ఎవలన్న? బొంతతోని ఎత్తుకుంటరు. వరదల నాడు మన ఆరాధనను గట్లనే ఎత్తుకపోయిన. బొంతతో సహా బడి మీదికి తీస్కపోయి పండవెట్టిన. తెల్లారేదాకా లేవలే, ఊరు మునిగినట్టే తెల్వదు దానికి. నువ్వు లేవు గద, నీకు తెల్వది."

జకర్యా బేసిన్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎనభై ఆరులో ఆయన ఇక్కడ ఉన్నాడు. నీళ్ళు కింది గదుల్లోకి వస్తుంటే ఎవరెవరి పిల్లల్నో భుజాన వేసుకుని మేడ మీదికి చేర్చాడు. వాళ్ళకు అక్కడ పక్కలు కూడా వేశాడు. తన కూతురిని ఎవరు ఎత్తుకున్నారో అప్పుడు తెలియదు. సంపూర్ణే ఆ పని చేసిందని తర్వాత తెలుసుకున్నాడు గానీ ఎలా చేసిందో ఇన్నేళ్ళలో అడగలేదు. ఇప్పుడు ఆరాధన ఖమ్మంలో నర్సు. బొంత ముచ్చట ఇవాళ విన్నాడు.

బసవపున్నయ్య చెప్పిన గిన్నెడు ఇసుక మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. పెరట్లో కుమ్మరించినదంతా చిలుం కలిసింది, దేనికీ పనికిరాదు. మంచి ఇసుక మిగిలింది ఈ బేసిన్లోనే. ఇంకో రెండడుగులు వేసి ఉంటే అదీ పోయేది. సిగ్గేసింది ఆయనకు.

"అవ్, నువ్వు చెప్పిందే కరెక్టు," అన్నాడు మెల్లగా.

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని బేసిన్ను తొట్టిలోకి, నీళ్ళు కదలకుండా, అడుగుదాకా దించారు. సంపూర్ణ జాకెట్టు చేతులు భుజాల దాకా తడిసిపోయాయి. జకర్యా బేసిన్ను ఒరగబెట్టి, ఇసుక జారాక ఖాళీ బేసిన్ను పైకి తీశాడు. మెరిసిపోతున్న తెల్లటి పక్క మీద బూడిదరంగు ఇసుక కుప్పగా నిలిచింది.

బాగా లేదు జకర్యా, తెల్ల పంచె మీద మరకలాగా ఉందన్నాడు వెంకటరామారావు. జకర్యాకు కూడా చేతులు దురద పెడుతున్నాయి. ముడత కనబడితే సర్దకుండా ఉండటం ఆయన ఎరగడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

దొర బయటికి రాలేదు. కుప్పలో కదలిక లేదు. కొత్తగా పనిలోకి వచ్చిన లచ్చిరాం అప్పుడే డ్యూటీకి వచ్చాడు. నడివయసు మనిషి. నిన్నటిదాకా కలప డిపోలో కాపలా ఉండేవాడు. అందరూ తొట్టి వైపు చూస్తుంటే ఏంటో అర్థం కాక తనూ చూస్తూ నిలబడ్డాడు. వెంకటరామారావు తొట్టి వెనక గోడను ఆ చివర నుంచి ఈ చివరకు కళ్ళతో కొలుస్తున్నాడు. టీవీ కొలత అదని జకర్యాకు తెలిసిపోయింది. పక్కన సంపూర్ణ పెదాలు కదులుతున్నాయి. ఏంటని చూస్తే ప్రార్థన చేస్తోంది. సవతి కోసం.

ముందు ఇసుక మీద చిన్న గుంట పడింది. తర్వాత మూతి కనబడింది. దొర నెమ్మదిగా లేచి, చుట్టూ చూసి, కొత్త ఇసుక మీదుగా ఒక చుట్టు తిరిగింది. వంగి ఒకచోట పొడిచింది. నచ్చలేదు. ఇంకోచోట పొడిచి, నోట్లోకి రేణువులు తీసుకుని ఊసేసింది. గబగబా పాత కుప్ప మీదికి తిరిగొచ్చి అక్కడే తచ్చాడింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు పల్చబడుతోంది. వీధి మలుపులో దుమ్ముగూడెం బస్సు హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు.

దొర మళ్ళీ బయల్దేరింది. ఈసారి దూరం పోలేదు. పాత ఇసుక, కొత్త ఇసుక కలిసే అంచు మీద ఆగి, తల వంచి, ఒక్క ఊపున దూరింది. ఒక మెలిక. ఇంకో మెలిక. తెల్ల ఇసుక, బూడిద ఇసుక కలిసి పైకి లేచి మళ్ళీ కిందికి దిగాయి. పసుపు తోక అంచు కాసేపు బయట ఉండి, అది కూడా లోపలికి పోయింది.

"పండిండు," అన్నాడు జకర్యా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

వెంకటరామారావు గోడ మీంచి చూపు తీసేసి, రెండు జతల చేపలు పంపమని బసవపున్నయ్యకు ఫోన్ చేస్తానన్నాడు. ఇన్నేళ్ళ పనివాణ్ణి ఎలా సాగనంపాలో తెలియక, భుజం మీద చేయి వేసి, ఆ చేయి తీయడం మరిచిపోయి కాసేపు ఉండిపోయాడు. జకర్యా లచ్చిరాంకు మోటరు స్విచ్ చూపించాడు, మేత డబ్బా చూపించాడు. చిల్లర వేసేవాళ్ళను కసరవద్దని, కానీ కళ్ళు మూసుకుని దండం పెట్టేటప్పుడు తొట్టి మీద చెక్క మూత జరపమని ఉపాయం చెప్పాడు. ఇన్నాళ్ళూ తనకు తట్టని ఉపాయం చివరి రోజున ఎలా తట్టిందో ఆయనకే తెలియదు.

బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది. సంపూర్ణ సంచి చంకలో పెట్టుకుని, తొట్టి పక్కన నేల మీదున్న ఈతాకు చాపను గబగబా చుట్టింది. పెళ్ళయిన ఏడాది ఆమె అల్లిందే అది. అంచులు ఎన్నిసార్లో కుట్టింది.

"తీస్కపోదాం. దొర లెక్కనే నీక్కూడ పాతది జరంత ఉండాలె, లేకుంటె నిద్ర రాదు నీకు," అంది.

జకర్యా చాప ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఒకసారి తడిమి, మళ్ళీ గోడకు ఆనించాడు.

"ఉండనీ దాన్ని. పాతదంటే నువ్వే ఉన్నవ్ గద నాకు."

సంపూర్ణ మొగుడి వీపు మీద ఒకటి చరిచి బయటికి నెట్టింది. కండక్టరు అరుస్తుంటే ఇద్దరూ కుంటుకుంటూ వెళ్ళి ఎక్కారు. ఊరు దాటి, చెట్ల మధ్య దారి మొదలవకముందే, జకర్యా తల ఆమె భుజం మీదికి వాలింది. కాసేపటికి గురక వినబడింది. సంపూర్ణ ముందు నమ్మలేదు. వంగి ముఖంలోకి చూసింది. నిజంగానే నిద్ర. టికెట్ టికెట్ అంటూ వచ్చిన కండక్టరుకు వేలు పెదాల మీద పెట్టి చూపించింది. ఇన్నేళ్ళ నుంచి బాకీ పడ్డ నిద్ర ఇవాళ తన భుజం మీద దిగిందని ఆమెకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. భుజం తిమ్మిరెక్కినా దుమ్ముగూడెం వచ్చేదాకా కదపలేదు.

లాడ్జిలో లచ్చిరాం తన మడత మంచం విప్పుకుని హాల్లో దీపం తగ్గించాడు. మోటరు గుడగుడమంటున్న తొట్టి పక్కన, గోడకు ఆనించిన ఈతాకు చాప చుట్టింది చుట్టినట్టే నిలబడి ఉంది, దాని అల్లికలో అక్కడక్కడా సముద్రపు ఇసుక తెల్లగా చిక్కుకుని.